మౌనాన్ని రాసే పద్ధతి

రెండు క్రెడిట్లకి ఇరవై ఇంటర్వ్యూలు.
మొదటి వారం మాకు నేర్పింది ఇది:
చెప్పేవాళ్ల మాటకి అడ్డం పోవద్దు,
ఏడిస్తే నీళ్లివ్వండి, ఆపమంటే రికార్డరు ఆపండి.
మాట ఎట్లా వస్తే అట్లాగే రాయండి, దిద్దొద్దు.
మూడు సెకన్లు దాటిన మౌనాన్ని
కుండలీకరణాల్లో పెట్టి ఎన్ని సెకన్లో వేయండి.

యూనివర్సిటీలో మేడ మీద గది,
ఒక ఫ్యాను, పదకొండు మందిమి, తొమ్మిది హెడ్‌ఫోన్లు.
కిటికీలోంచి కొండ కనబడుతుంది.
ఆ ఏడు కొండ మీద జనం లేరని
ప్రతి ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు చెబుతారు,
కొండకే ఒళ్లు బాగాలేనట్టు గొంతు తగ్గించి.

నా పదమూడో మనిషి మునెమ్మ.
కొర్లగుంటలో రెండో సందు, నీలం రేకు తలుపు.
యాత్రికుల సత్రంలో జబ్బు మనుషుల్ని పెట్టినప్పుడు
మూడో అంతస్తు ఊడ్చింది.
సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే
"ఇన్ని మాటలెందుకు పాపా, యాడ ఏలు పెట్టాల్నో జెప్పు" అంది.
క్రెడిట్లంటే రూపాయల్లో ఎంతని అడిగింది.
"చెప్పేవారితో సంబంధం" అన్న గడిలో
"లేదు" అని నేను రాసుకున్నాను.

మొదటి పావుగంట జబ్బు ఊసే లేదు.
రోజుకొక జత అని చెప్పి
వారానికొక జత గ్లౌజులిచ్చిన మేస్త్రీ,
బ్లీచింగు వాసనకి చేదెక్కిన అన్నం,
పగలు కుళాయి దగ్గరికి రానివ్వకపోతే
రాత్రి పదకొండుకి పట్టుకున్న నీళ్లు.

తర్వాత వంగి, మంచం కింద నుంచి
లడ్డు కవరొకటి లాగింది.
నిండా సెల్లు ఛార్జర్లు.

"మంచం ఖాళీ అయితే దుప్పటి మారస్తారు,
బకెట్టు కడగతారు.
గోడకి ఇది మాత్రం అట్నే వుంటాది.
స్విచ్చి గూడా ఆపకుండా పొయ్యినారు కొందురు.
పారెయ్ మన్నాడు మేస్త్రీ.
ఎట్ట పారేసేది? తిరిగొచ్చి అడిగితే?"

ఒక్కో తీగకి ప్లాస్టరు ముక్క,
దాని మీద మంచం నెంబరు.
ఆమెకి అంకెల వరకే వచ్చు.
ఒకదానికి ఎర్ర దారం,
కలిసిపోకుండా ఎవరో తమదానికి కట్టుకున్నది.
"నలపై మూడు. ముగ్గురొచ్చి తీసకపొయ్యినారు.
ఒగామె తీసకపొయ్యి
మల్లా దెచ్చి ఈడే పెట్టింది."

తర్వాతి ప్రశ్న కాగితం మీద ఉంది.
నేను ప్లాస్టరు ముక్కలు చదువుతున్నాను.
మా నాయన ఉన్నది ఈ సత్రం కాదు,
ఈ ఊరు కూడా కాదు, చిత్తూరు.
ఆయన ఛార్జరు చెప్పులతో పాటే ఇల్లు చేరింది,
టీవీ వెనక మేకుకి వేలాడుతోంది.
అయినా ముప్పై ఒకటి కోసం వెతుకుతున్నాను.

"ఏ నెంబరు గావాల పాపా?"

రాత్రి హాస్టల్లో వింటూ టైపు చేశాను.
ఆ ప్రశ్న తర్వాత ఒక కుక్క,
పక్కింట్లో ఇడ్లీ పాత్ర మూత,
ఎక్కడో ఆటో స్టార్టు కాకపోవడం.
వెనక్కి తిప్పి మళ్లీ లెక్కపెట్టి రాశాను:
(అడిగేవారు: మౌనం, ఇరవై ఆరు సెకన్లు)

మేడమ్ ఆ పక్కన పెన్సిలుతో
"చెప్పేవారు అని ఉండాలేమో?" అని రాసి
చెరిపేసినట్టుంది. రబ్బరు పొడి ఇంకా ఉంది.

చివర ఐదు ముఖ్య పదాలివ్వాలి.
పారిశుధ్యం, సత్రం, కూలి, ఛార్జరు.
ఐదో గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోదు.
చుక్క పెట్టాను. పోయింది.

రికార్డరు సంచిలో వేసుకుని లేచాక
గడప దగ్గర మునెమ్మ ఇంకోటి అడిగింది.
"పిన్ను మారిపొయ్యిందంట గదా,
ఇవి ఇప్పటి సెల్లులకి పట్టవంట.
మా మనవడంటాడు. నిజమేనా?"
ఇది ఆ నలభై ఏడు నిమిషాల్లో లేదు.
నేను చెప్పిన జవాబు కూడా.