గడప దాటితే

రుషికొండ మీద ఆరో అంతస్తు, రాత్రి పదకొండు.
అద్దం అవతల సముద్రం ఉందని తెలుసు, కనపడదు.
వేటకెళ్ళిన బోట్ల దీపాలు మాత్రం
ఎవరో చుక్కలు పెట్టి ముగ్గు మరిచిపోయినట్టు.

ఆ బోట్లలో మా పెట్టె ఉంటుంది.
ఎక్కడున్నావంటే చెప్పే పెట్టె.
మంగళవారం భీమిలికి ఎదురుగా ఒకటి చెప్పడం మానేసింది.
కాలిపోలేదు. తడవలేదు.
ఎదురుచూస్తోంది, అంతే.

నాలుగు రోజులు వెతికాను.
పొడుగాటి ఫంక్షన్, ఏడు రిటర్న్‌లు.
ఆరింటి ముందు తాళం తీసే ఉంది.
ఏడోది, యాంటెన్నా పలక్కపోతే వెళ్ళే దారి,
ఏడాదికోసారైనా ఎవరూ నడవని దారి,
అక్కడ చెవి చేత్తో పట్టుకునే వెళ్ళిపోయారు.

రాసిందెవరా అని చూస్తే
నేనే. రెండేళ్ళ కింద, ఇదే కుర్చీలో.

నూకరాజు బాబాయి గుర్తొచ్చాడు.
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు గది తాళంచెవి
మొలతాడుకి కట్టుకుని, మరిచిపోయి, బోటెక్కేశాడొకసారి.
పదమూడు రోజుల వేట.
తెల్లారేసరికి గది ముందు బుట్టలు, బుట్టల వెనక ఆడవాళ్ళు,
అందరి మీదా ఎండ.
వంజరం కళ్ళు తెల్లబడ్డాయి.
మధ్యాహ్నం దాకా తలుపు పగలగొడదామని ఎవరూ అనలేదట.
లోపల ఎవరో ఉన్నారనుకున్నారు.

కెర్నెల్‌లోనూ అంతే,
వరసలో నిలబడ్డవాళ్ళంతా మర్యాదస్తులు.

కొత్త పద్ధతిలో తాళం తీయడం రాయక్కర్లేదు.
వేయడం ఒక్కటే, గార్డ్ అని.
మీసాల బ్రాకెట్టే గడప.
ఏ రిటర్న్ మీంచి దూకినా, ఏ తప్పు చెప్పి పారిపోయినా
గడప దాటగానే చెవి దానంతటదే మేకుకి తగులుకుంటుంది.
రెండు తాళాలు వేస్తే చివరిది ముందు వీడుతుంది,
గాజులు తీసినట్టు.

సన్యాసిరావు గారికి నచ్చలేదు.
షిప్‌యార్డు కాలనీలో పెరిగిన మనిషి,
ప్రతి బోల్టునీ కంటితో చూడాలి.
"కనపడని చెయ్యి తలుపు తీత్తే నాకు భయమే పిల్లా.
గోటూ పెట్టి కింద ఒక్క చోట తియ్యి."

వాదించలేదు. ఏడో రిటర్న్ చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
తెరకి ముక్కు ఆనించి చదివారు.
"సరే. ఇదొక్కటే. నడుస్తన్నవాటిని ఊరికే కెలక్కు.
గోటూనీ దీన్నీ ఒకే గదిలో కాపరం పెట్టకు.
గది చిన్నది కట్టు.
తాళం పట్టుకుని కునుకు తీసే బుద్ధి దీనికీ పోదు."

నిజమే. రేడియో కోసం ఆగే వరసని
గడప బయటికి జరిపాను.
పద్నాలుగు వరసలు పోయాయి, రెండు వచ్చాయి.
ఆ ఎరుపు చూసుకుంటూ కూర్చుంటే టీ చల్లారిపోయింది.

శుక్రవారం జెట్టీ మీద యాంటెన్నా తీగ పీకి చూశాం.
జవాబు లేదు, అంది పెట్టె.
తీగ పెట్టాం.
ఇక్కడున్నాను, అంది.

బాబాయికి చెబితే వల అల్లుతూనే నవ్వాడు.
"మా చెవికి ఇటుక కట్టేసినారే అమ్మీ.
ఇటుకతో ఎవడూ బోటెక్కడు."