తల్లి పేరు ముందు

క్రీస్తురాజపురంలో, కొండకి వీపు ఆనించిన మా మేడ మీద
మే నెలంతా నాన్నకి తడి గోనెపట్టాలతోనే కాపురం.
నలభై ఆరు డిగ్రీల బెజవాడలో
ఖాసీ కొండల మంచుని
చెంబుతో చిలకరిస్తుంటాడు.

"చెప్పు పువ్వులా?" అని పక్కింటి తాయారుగారు వంగి చూసి
దేవుడి గదిలో పెట్టొచ్చా అనడిగింది.
"గడప బయటే బాగుంటాయిలెండి" అన్నాడు నాన్న.
నవ్వాడో లేదో నేను చూడలేదు.

వీటి చరిత్ర చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు.
దొరలు కొండలు గీకి, బుట్టలకెత్తి, ఓడలెక్కించారట.
సగం దారిలోనే కుళ్లాయి.
బతికినవి వేలంపాటలో ఆకుల లెక్కన పోయాయి.
మంచి మొక్కని చీల్చి, పిలకని మళ్ళీ చీల్చి
నూరేళ్లుగా పంచుకుంటున్నారు.
లండన్ అద్దాల మేడలో పూసిందీ
మా పగిలిన కుండీలో పూసిందీ ఒకటే మొక్క,
చావడం మర్చిపోయింది.

కొత్తది పుట్టాలంటే మాత్రం కలపాలి.
అగ్గిపుల్ల మొన మీద పసుపుముద్దంత పుప్పొడి.
కాయ తొమ్మిది నెలలు మోస్తుంది.
విత్తనం ముక్కుపొడి;
లోపల తిండి ఉండదు, ఆకలితోనే పుడుతుంది.
కాలేజీ బోటనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు
సీసాలు కడిగిన చేతులకి ఆ ఆకలి తెలుసు.
అమ్మ కుక్కర్ ఇవ్వనంటూనే ఇచ్చింది.
వారం రోజులు మా పప్పులో అగర్ వాసన.

రెండొందలు మొలిచాయి.
కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం నూట అరవై.
బూజుకి కొన్ని, నత్తలకి కొన్ని.
మూడు.

ఎనిమిదేళ్లకి, ఒక జనవరిలో, ఒకటి విచ్చింది.
పైరేకు తెలుపు, మీద వంకాయరంగు చారలు.
చెప్పు మాత్రం, ఏలూరు రోడ్డు మూలన తాత కుట్టిన
ఇంకా నూనె తగలని తోలు రంగు.

నాన్న నోట్‌బుక్కులో తల్లి పేరు ముందు రాస్తారు,
తర్వాత ఇంటూ గుర్తు,
ఆ తర్వాతే తండ్రి.
ఇంటిపేరుకి గడి లేదు.

ఈ పిల్లకి "రాహేలు" అని రాశాడు.
మా నాయనమ్మ.
మొగుడు కుట్టిన చెప్పులు చేత పట్టుకుని
పెద్దవీధి దాటాక వేసుకునేదట.
ఆ వీధి ఏ ఊళ్లోదో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు.

కలకత్తా ఆయనెవరో ఫోన్ చేశాడు,
ఒక్క పిలక చీల్చి ఇమ్మని. ధర బాగానే అన్నాడు.
నాన్న ఇంకా ఏమీ అనలేదు.
కాడకి చీపురుపుల్ల ఆసరా కట్టి
కుండీని నీడలోకి
జానెడు జరిపాడు.