పాషాణం

మూడో అంతస్తు. ఇరవై ఏడో సొరుగు.
అడవి పట్టుపురుగు గూళ్లు ఆరు,
కర్ర కొసకి నారతో బిగించినవి.
పక్కన చీటీ:
"యోకుట్స్. గిలక. ఎందుకు వాడేవారో తెలియదు."

సొరుగు లాగిన కుర్రాడు
నాకూ ఒక జత నీలం తొడుగులిచ్చాడు.
"వట్టి చేతులతో వద్దండీ,
పురుగు పట్టకుండా అప్పట్లో
పాషాణం చల్లారు."

పురుగు పట్టకుండా!
పురుగు వదిలి ఎగిరిపోయిన ఇల్లే కదా
దీని గొంతు.

అవ్వ క్లోటిల్డా దీన్ని
జబ్బు మనిషి తల దగ్గర తెల్లవార్లూ ఆడించేదట.
లోపల రాళ్లు చీమలపుట్ట మీద ఏరినవి,
ఆవగింజకన్నా కాస్త పెద్దవి.
పిండి బస్తాకీ రెండు డాలర్లకీ
దీన్ని ఎవరో పట్టుకుపోయిన ఏడు
మా ఇంట్లో ఎవరూ ఆకలితో పోలేదు.
ఆ మాట కూడా చీటీలో లేదు.

ఉమ్మెత్త దగ్గరికి వెళ్తే
ముందు తన పేరు చెప్పుకునేది అవ్వ,
ఎవరికోసం వచ్చిందో చెప్పేది,
తవ్వడం ఆ తర్వాత.
ఎంత నానాలో, ఎవరికి అసలు వద్దో
ఆ కొలత ఆమెతోనే పోయింది.
నన్నడక్కండి.
తెలిసినా చెప్పను.

మామయ్య ఎల్‌వుడ్ తాగాడు, పద్నాలుగేళ్లప్పుడు,
మాంసం మానేసి, మాట తగ్గించి.
గిలక లేదప్పటికే.
అవ్వ నాలుకతో టకటకమంటూ
రాత్రంతా అతణ్ణి ఇవతలి గట్టుకి కట్టేసి ఉంచింది.
ఏం కనబడిందిరా అంటే
"నీళ్లు" అన్నాడు.
"పత్తి చేల మీద నీళ్లు. బాతులు."
అందరూ నవ్వారు.
సరస్సుని ఎండగట్టి అప్పటికే యాభై ఏళ్లు.

సంతకం పెట్టాను, నాలుగు చోట్ల.
పెట్టెకి మూత, మూతకి టేపు,
టేపు మీద పుర్రె బొమ్మ.
అవ్వ చేతిలో విషానికి ఒక కొలత ఉండేది.
వీళ్లు గుప్పిళ్లతో చల్లారు,
పదిలం అన్నారు.

ఇంటికొచ్చే దారి సగం మునిగిపోయింది.
ఈ ఏడు మంచు ఎక్కువ,
సరస్సు తన చోటు వెతుక్కుంటూ వచ్చేసింది.
కరెంటు స్తంభాలు నడుంలోతు నీళ్లలో.
బాతులు, అవును, బాతులు.
గట్టు మీద కంకర్లో
తెల్లగా విచ్చుకున్న ఉమ్మెత్త పూలు.
కారు ఆపలేదు. కిటికీ దించి
నా పేరు మాత్రం చెప్పాను.

వంతెన దాటాక చక్రం గోతిలో పడింది.
వెనక సీట్లో, పెట్టెలో,
తొంభై ఏళ్ల తర్వాత
ఒక్కసారి
గల్లుమంది.

నేను ముట్టుకోలేదు.
రోడ్డే ఆడించింది.