మూడు కూతల పని

కుక్కరు మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య
ఎంత సర్దగలవో అంతే సర్దు,
ఆ పైన చెయ్యి పెట్టకు,
అంది పక్కింటి మొంజులత,
గుమ్మంలోంచి తొంగి చూసి
కాలు పెట్టే చోటు కనపడక
చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగిన రోజున.

సిగ్గేసింది.
రెండు రోజులు ఆమె మీద కోపంగా కూడా ఉంది.
మూడో రోజు కందిపప్పు పొయ్యి మీద పెట్టి
గూట్లో చెయ్యి పెట్టాను.

మందుల డబ్బా.
గడువు దాటిన దగ్గుమందు సీసాలు నాలుగు.
ఎవరి కళ్లవో తెలియని కళ్లజోడు ఒకటి.
పెట్టుకుంటే గోడ దగ్గరికొచ్చింది.
తీసేస్తే వెనక్కి వెళ్లిపోయింది.
అంతలో మూడో కూత.

మర్నాడు రబ్బరు బ్యాండ్లు,
ఒకదాన్నొకటి కరుచుకుని గుప్పెడు ముద్ద.
ఆ మర్నాడు వంశధార వైపు నుంచి గాలివాన,
బయట పెట్టినవన్నీ తడవకుండా
మళ్లీ లోపల పెట్టుకున్నాను.
ఒక్కోసారి స్టేషన్లో రైలు కూస్తే
దాన్నీ లెక్కలో వేసుకుని
తొందరగా లేచిపోయిన రోజులున్నాయి. ఒప్పుకుంటాను.

గుణుపురంలో మా వీధిలో ఏదీ పారెయ్యరు.
థావు, అంటారు. ఉండనీ.
థావు, కామొరె లాగిబొ. ఉండనీ, పనికొస్తుంది.
మా అమ్మ తెలుగులో అలిగేది,
తెలుగులో మొక్కుకునేది,
దాచుకోవడం మాత్రం ఒడియాలో దాచుకునేది.
ఆ ఒక్క మాటతో మూడు గదులు నిండాయి.

పదకొండో రోజు మంచం కిందికి వంగాను.
అక్కడ బడి ఉంది.

తెలుగు సెక్షన్ ఎత్తేసిన ఏడాది
హెడ్‌మాస్టారు పాఢి బాబు పిలిచి
'రిక్షా మాట్లాడాను, ఇవి మీరే పట్టుకెళ్లండి టీచర్,
లేదంటే చెదలు చదువుకుంటాయి' అన్నారు.
నాలుగు బస్తాల వాచకాలు, సుద్దముక్కల డబ్బాలు.
రిక్షా అతను ఎక్కడ దించమన్నాడు.
థావు, అన్నాను.
అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.
ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

మూతి విప్పిన బస్తాలో పైన ఉన్న పుస్తకానికి
అట్ట మీద ఆవు. ఆవుకి మీసాలు.
ఆ మీసాలు పెట్టినవాడు నాకు తెలుసు.
బిడ్డిక సింహాద్రి, ఇప్పుడు రాయగడ బస్సులో కండక్టరు.
నా దగ్గర టికెట్టు డబ్బులు తీసుకోడు,
ఎంత ఇవ్వబోయినా వద్దంటాడు,
ఒడియాలోనే వద్దంటాడు.

మూడు కూతలూ అయ్యాయి. నాలుగు. అయిదు.
పప్పు మాడిన వాసన వచ్చేదాకా
మంచం పక్కన నేల మీదే ఉన్నాను.

ఆదివారం దండాసి వచ్చాడు, పాత కాగితాలు కొనేవాడు.
ఒక బస్తా ఇచ్చాను. ఒకటే.
కాటాకి తగిలిస్తే అది మెల్లగా తిరిగింది,
ఎటు తిరిగి ఆగుతుందా అని ఇద్దరం చూశాం.
'తెలుగు కాగితం మెత్తన మాస్టరమ్మా,
పకోడీకి బాగుంటుంది,'
పొగుడుతున్నాననుకున్నాడు.

నిజమే, బాగుంది.
బజారులో కొన్న పొట్లం విప్పితే
నూనె పీల్చుకుని అవతలి పేజీ ఇవతలికి తేలింది,
పద్యం మీద లెక్క, లెక్క మీద పద్యం.
చదవడానికి వీల్లేదు.
పకోడీలు చల్లారేదాకా చదివాను.

ఇంకా మూడు బస్తాలున్నాయి.
సుద్దముక్కలు మొంజులత కూతురికిచ్చాను.
మంచం కింద ఖాళీ అయినంత మేర
నాపరాయి ఇంత నల్లగా ఉంటుందని
ఈ ఇంట్లో పుట్టిన నాకే తెలీదు.
నిన్న మొంజులత వచ్చి, చూసి,
ఏమీ అనకుండా చెప్పులు విప్పింది.

ఇవాళ అన్నం. అన్నానికి రెండు కూతలే,
కాబట్టి చిన్న సొరుగు చాలు.
రబ్బరు బ్యాండ్లు మాత్రం ఉంచాను.
థావు.