వేట మాంసం

ఆదివారం. ఎండాడ జంక్షన్‌లో గంట నిలబడి
ముప్పావు కేజీ తెచ్చాను.
కవరు విప్పి వాసన చూసింది మా అత్త అప్పలకొండమ్మ.
"వేట అంటారు గానీ
ఎవుడు వేటాడినాడే దీన్ని?
కట్టేసిన కాడే ఉండిపోనాది, పాపం."

ఉల్లిపాయలు వేగుతుంటే మొదలెట్టింది:
"సీలేరు కాడ మా అయ్య దుప్పిని తెచ్చీవోడు.
కొవ్వుండదు దానికి. పరిగెట్టిన ఒళ్లు కదా.
పులిసిన మజ్జిగలో రాత్రల్లా నానాల.
వెదురు కొమ్ములెయ్యాల.
నీరు తక్కువ, ఓపిక ఎక్కువ.
మిగిలింది పొయ్యి మీద దండెం కట్టి ఎండేస్తే
వానల్లో ఒక్కో పీలికా కాల్చి, దంచి,
అంబలిలోకి..."

నేనెప్పుడూ తినని కూర చెబుతూ
నా కూరలో ఉప్పు చూసింది.

రెండో విజిలుకి పెరట్లో చప్పుడు.
కంబాలకొండ కంచె ఎక్కడ తెగిందో,
చుక్కల దుప్పి!
కూరలోకి కోద్దామనుకున్న గోంగూర
కుండీలోంచి మేస్తోంది.

"స్టవ్ కట్టీ," అంది అత్త. "వాసన తగుల్తాది దానికి."

చెవులు నిక్కించి అది.
కొంగు నోటికడ్డం పెట్టుకుని ఈమె.
అరవై ఏళ్ల కిందటి ఆకలో, సిగ్గో
గొంతులో గుటకలా దిగడం చూశాను.

ఫారెస్టు వాళ్లు వచ్చేసరికి
కుండీలో కాడలు,
గోడ సున్నం మీద ఒక గిట్ట గీత.

ఆ పూట కూరలో పులుపు లేదు.
అత్త మజ్జిగన్నం కలుపుకుంది,
ముక్కలన్నీ నా కంచంలోకి తోసి.
"నువ్వు తినీ.
ఇది పరిగెట్టనేదు."