సందు

కంభం రోడ్డులో పలకల గోడౌన్ పక్క షట్టరు నాది.
ఒకటే తల, పదిహేను సూదుల మిషను.
మా తాత ఊరూరా దూది ఏకాడు,
నేను జేబుల మీద పేర్లు కుడతా.

పెద్ద అక్షరాలదేముంది,
జెండా మీద, శాలువా మీద
జానెడు అక్షరం ఎవడైనా కుడతాడు.
నాలుగు మిల్లీమీటర్లలో చూడాల,
నూకగింజ నిలబడ్డంత ఎత్తు.
ఇంగ్లీషువి పుల్లలు, ఎట్లా పేర్చినా నిలబడతాయి.
మనవన్నీ కడుపుతో ఉన్నవే.
తలకి కట్టు, కాళ్ళ కింద వత్తు,
ఏది నొక్కినా ఇంకోటి అవుతుంది.

మార్కాపురం ఎండ మండే రోజుల్లో
పెద్దాసుపత్రి ఆయా వచ్చింది,
మూడు లేతనీలం కోట్లు చంకన పెట్టుకుని.
"జేబు మీద పేరుండాలంట అబ్బయ్యా."
ఇంగ్లీషులో అయితే నీటుగా వస్తదన్నా.
"నా జేబు మీదది నేనే చదవలేకపోతే ఎట్లా?"

పేరు పేరంటాలు.
ఇరవై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో
రాతిబిళ్ళల అంచులు అరగదీసిందంట.
ఎన్ని వేలో చేతుల్లోంచి పోయాక
మూల విరిగిన ఒకదాని మీద, రాత్రిబడిలో,
తన పేరు దిద్దుకుందంట.

మొదటి కోటు అలవాటున కుట్టేశా.
మామూలు దారం, మామూలు సూది, మామూలు దడదడ.
ఆమె కళ్ళకి దగ్గర పెట్టుకుంది,
దూరం పెట్టింది,
"వే... రం... టాలు" అని కూడబలుక్కుంది.
"ఇది నేను కాదబ్బయ్యా.
ఎవరో వేరంటాలు. వస్తే ఆమెకియ్యి."

చూస్తే నిజమే.
ప నోరు మూతబడి వ అయింది.
సున్నలో దారం నిండి కందిగింజ అయింది.
పేరు వేరు కావడానికి
రెండు కుట్లు ఎక్కువైతే చాలు.

సాయంత్రం షట్టరు సగం దించి కూర్చున్నా.
అరవై నంబరు సన్నదారం,
నా కళ్ళకి బెజ్జం ఆననంత సన్నసూది.
అడుగుకుట్టు తీసేశా,
మూడు కుట్లున్న చోట రెండు చేశా.
వెనక గట్టి కాగితం, పైన నీళ్ళకి కరిగే పొర.
తెర మీద ప ని పట్టుకుని నోరు సాగదీశా,
పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టుంది,
చూడ్డానికే అసహ్యం.
అయినా సరే. దారం లాక్కుంటుంది కదా,
గుడ్డ మీదికొచ్చేసరికి సరిపోతుంది.
సున్నని కూడా ఉబ్బించా.
వేగం సగానికి దించా.

రెండుసార్లు కరెంటు పోయింది.
ఒకసారి ర నడుం దగ్గర దారం తెగింది.
పాత గుడ్డ మీద ఐదుగురు పేరంటాళ్ళు పాడైపోయారు.
ఆరో ఆమె తేటగా దిగింది.

తడిగుడ్డతో పొర తుడిచి,
అక్షరాల మధ్య వేలాడే పోగులు
ఊపిరి బిగబట్టి కత్తిరిస్తా అనుకున్నా,
ఇన్నేళ్ళూ కుట్టడమే పని అనుకుంటిని,
ఈ రాత్రంతా సూది దిగని చోటుకి
కాపలా కాశానే అని.

పొద్దున డ్యూటీకి పోతా ఆగింది.
వేలితో తడిమింది,
ప నోట్లో గోరు పెట్టి చూసింది,
పలక అంచు నునుపు చూసినట్టు.
"ఊ" అంది. అంతే.
పేరుకి ఇరవై అంటే పదిహేనే ఇచ్చింది,
మొదటిదానికి అసలియ్యలేదు.

ఆ తప్పు జేబు కోసి కొత్తది వేసిచ్చా.
కోసింది నా దగ్గరే ఉంది,
మిషను నూనె దాంతోనే తుడుస్తా.
ఎవరన్నా అడిగితే చెప్తా,
ఈమె వేరంటాలు,
మా షాపులోనే పనిచేస్తది.