సొట్ట లెక్క

అంట్సిరాబే సంతలో మూడో వరస నాది.
బియ్యం గుట్ట, గుట్ట మీద పాలడబ్బా.
ఆ పాలు తాగిందెవరో గానీ
డబ్బా మాత్రం ఊరందరి కొలత. కపువాక అంటాం.
మూడున్నర కపువాకలు కిలో.
మూడో తరగతి దాటని నాకు
ఆ అర ఒక్కటే వచ్చిన భిన్నం.

తంతేలికి పదేళ్ళు. చెవి వెనక పెన్సిలు.
పాత పంట అయిపోయి
కొత్తది ఇంకా పచ్చిగా నిలబడ్డ నెలలు.
ఇంట్లో అయిదుగురికి రెండున్నర డబ్బాలు,
తలా అర. అంతవరకు తప్పులేదు.

నిన్న సాయంత్రం కొన్న బియ్యంతో తిరిగొచ్చింది,
ఇంటి డబ్బా ఒకటీ గరిటె ఒకటీ పట్టుకుని.
నా ఎదుటే గొంతుక్కూర్చుని కొలిచింది.
వాళ్ళ డబ్బాకి పదిహేను గరిటెలు.
నా డబ్బాకి పద్నాలుగు.
తిరగేసి, అడుగు సొట్టలో
బొటనవేలు పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది.

అరవలేదు. అరిస్తే బాగుండేది,
నేనూ అరిచేదాన్ని.

"బస్తాకి ఎన్నొస్తాయి, రవావు పిన్నీ?"
చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలీదు.
యాభై కిలోలకి డబ్బు కడతాను,
అంటే నూట డెబ్బై అయిదు డబ్బాలు.
లారీలో రెండు కిలోలు దారిలోనే కారిపోతాయి,
ప్రతి బస్తాకీ ఒక్కచోటే చిల్లు పడినట్టు.
నాకు చేరేది నూట అరవై ఎనిమిది.
ఆ ఏడూ ఎవర్ని అడగను?
డబ్బాని అడిగాను.
ఒక రాత్రి, రాయితో.

పెన్సిలు దిగింది. గోనె మీదే గుణించింది.
"సొట్టతో నూట ఎనభై అమ్ముతున్నావు.
పోయినవి ఏడు, లాక్కున్నవి పన్నెండు.
మిగతా అయిదూ ఎవరివి?"

నోరు పెగల్లేదు.
ఆ అయిదూ మా పిల్లల గిన్నెల్లో ఉన్నాయి.
అడుగంటిన మాడులో నీళ్ళు పోసి
కాచుకు తాగే ఆ గోధుమరంగు వేడిలో ఉన్నాయి.
అది లెక్కలోకి రాదని
నాకు ముందే తెలుసు.

కాసేపు పెన్సిలు కొరికింది.
"లారీ చిల్లు ఒక్కటే పూడాలంటే
ఇరవై అయిదింట ఒక వంతు సొట్ట చాలు."
తీర్పులా కాదు,
ఇంటిపని ముగించినట్టు అంది.
గరిటె పావడాకి తుడుచుకుని వెళ్ళిపోయింది.
తనకి తగ్గిన రెండున్నర గరిటెలు
అడగలేదు, మరిచిపోయిందో ఏమో.

కొట్టు కట్టేశాక డబ్బాలోకి రాయి దింపాను,
లోపల్నుంచి మెల్లగా.
పదిహేనింట ఒకటి నుంచి
ఇరవై అయిదింట ఒకటికి
ఎన్ని దెబ్బలు?

కొడతాను, కొలుస్తాను,
మళ్ళీ కొడతాను.
రేకు పలచబడుతోంది.